దూలం కింద మాణిక్యం

కౌశికపురం మునిసిపాలిటీ ఆఫీసులో చేరిన మొదటి రోజు మాణిక్యం చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. కొత్త కదా, గౌరవం కొద్దీ విప్పింది కాబోలు అనుకున్నారు అక్కడివాళ్ళు. అసలు సంగతేమిటంటే, తన అడుగుల అదురుకి ఆ మేడ ఎక్కడ కూలుతుందోనని ఆమె భయం.

అది ఉత్త పిరికితనం అనడానికి లేదు. అంతకు ముందు ఏడాది, తొంభై ఆరులో, దీపావళి ఇంకా రాకుండానే తుఫాను వచ్చింది. ఆ తుఫాను చూసిన కోనసీమ వాళ్ళు ఇప్పటికీ గాలి హోరెత్తితే చెబుతున్న మాట మధ్యలో ఆపేస్తారు. మాణిక్యం మొగుడు వీరవెంకటసత్యనారాయణ, అందరికీ సత్యం, ఆ ఆఫీసులోనే అటెండరు. ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకి పరుగెడుతుంటే, కిటికీలు మూసి, కాగితాల కట్టలు తడవకుండా చూడమని అతన్ని ఆపేశారు. తెల్లవారి వెళ్ళి చూస్తే వెనక వరండా గోడ నేలమట్టమై ఉంది. గోడ కింద సత్యం ఉన్నాడు.

మొగుడి ఉద్యోగం పెళ్ళానికిచ్చారు. మాణిక్యానికి అప్పటికి ముప్పై నిండలేదు. కొబ్బరాకులు అల్లడం, పీచు తాడు పేనడం తప్ప వేరే పని ఎరగదు. కూతురు శ్రీవాణి ఇంకా బడిలో కూడా పడలేదు. ఉద్యోగం వద్దనే ధైర్యం ఆమెకి లేదు, చేరే ధైర్యమూ లేదు. అన్నయ్య బంగారయ్య ముందు నడిస్తే, చెప్పులు చేత పట్టుకుని అతని వెనకాలే వెళ్ళింది.

బంగారయ్యకి ఆ మేడ కొత్త కాదు. కింద రోడ్డు వైపున్న గదులన్నీ మునిసిపాలిటీ వాళ్ళు లీజుకిచ్చారు. ఒకదాంట్లో మందుల షాపు, ఒకదాంట్లో గడియారాలు బాగుచేసే ఆయన, మూల గదిలో బంగారయ్య ఫొటో ఫ్రేముల షాపు. వాళ్ళ నాన్న పెట్టిన షాపు అది. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, అన్నిటికీ అద్దం కోసి చట్రం బిగించేది ఆ గదిలోనే. చెల్లెలు ముండమోసి వస్తే మారుమాట లేకుండా తన ఇంటి వెనక గది ఖాళీ చేసి ఇచ్చేడు. వదిన నూకాలమ్మ కూడా, “నా పిల్లల్తో పాటే దాని పిల్లా తింటది” అంది. అంత మంచి మనుషులు వాళ్ళు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తరవాత జరిగినదాన్ని బట్టి వాళ్ళని చెడ్డవాళ్ళు అనుకోకూడదు.

మేడ మీద మాణిక్యానికి ఇచ్చిన చోటు తపాలా తీసుకునే గదిలో ఒక స్టూలు. ఆ స్టూలుకి సరిగ్గా పైన పెద్ద టేకు దూలం. తెల్లదొరల కాలపు కట్టడం. దూలాల మీద ఇటుకలు పేర్చి, సున్నం వేసి కట్టిన మిద్దె. తుఫానప్పటి నుంచీ ఆ మిద్దెలో నీళ్ళు నిలిచాయి. వాన పడితే గోడల మీద చెమ్మ మచ్చలు పాకేవి. ఎండ కాస్తే సున్నం పెళ్ళలు రాలేవి. ఒకసారి అరచేతి వెడల్పు పెళ్ళ ఒకటి సీనియర్ అసిస్టెంటు సావిత్రి గారి టీ గ్లాసు పక్కనే పడింది. ఆవిడ గ్లాసులో ఊది, “దేవుడి దయ, టీ మిగిలింది” అని తాగేసింది. గదిలో అందరూ నవ్వేరు. మాణిక్యం మాత్రం సాయంత్రం దాకా ఆ స్టూలు మీద కూచోలేదు.

ఆమె భయానికి ఒక పద్ధతి ఏర్పడింది. గది మధ్య నుంచి నడిచేది కాదు, గోడ వారగా నడిచేది. తలుపు చట్రం గట్టిగా ఉంటుందని ఎవరో అంటే, పని లేనప్పుడల్లా వెళ్ళి తలుపులో నిలబడేది. దస్త్రాలు మోసుకెళ్ళేటప్పుడు చంకలో కాకుండా నెత్తి మీద పెట్టుకునేది. రోడ్డు మీద లారీ పోతే దూలం కిర్రుమనేది. ఆ కిర్రు వినగానే ఆమె కడుపులో ఏదో జారిపోయేది. తను పోతే పోయింది, తండ్రి లేని పిల్లకి తల్లి కూడా లేకుండా పోతుందే అని ఒకటే దిగులు. మురమళ్ళ వీరేశ్వరుడికి మొక్కుకుంది, ఈ మేడ కింద నా ప్రాణం తియ్యకు స్వామీ, ఇంకెక్కడైనా సరే అని.

మధ్యాహ్నం అన్నం తినడానికి మాత్రం కిందికి, అన్న షాపుకి వెళ్ళేది. ఆ గదిలో ఎందుకో ఆమెకి భయం వేసేది కాదు. అన్న అద్దం కోస్తుంటే వచ్చే సన్నటి చప్పుడు, జిగురు వాసన, గోడల నిండా నవ్వే దేవుళ్ళు. అక్కడ పైకప్పుకి వాళ్ళ నాన్న ఎప్పుడో నీలం రంగు చెక్కలు కొట్టించేడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. బళ్ళోంచి వచ్చిన శ్రీవాణి అక్కడే చాప మీద నిద్రపోయేది. ప్రపంచంలో తనకి క్షేమంగా తోచిన చోటు అదొక్కటే.

ఇలా ఉండగా కొత్త కమిషనరుగా ప్రభాకరరావు గారని ఒకాయన వచ్చేరు. మనిషి మెత్తన, పని గట్టి. వచ్చిన వారానికే పైన ఒక పెళ్ళ ఊడి ఆయన కుర్చీలో పడింది. అదృష్టం కొద్దీ ఆ సమయంలో ఆయన కుర్చీలో లేరు. అంతే, కౌన్సిలులో తీర్మానం పెట్టించేరు. పాత మేడ పడగొట్టాలి, ఆ స్థలంలోనే కొత్త ఆఫీసు కట్టాలి, కింద మళ్ళీ షాపులు కట్టి లీజుకివ్వాలి. అయితే ఇది మునిసిపాలిటీ ఒక్కటీ అనుకుంటే అయ్యే పని కాదు. పడగొట్టడానికీ, కొత్తది కట్టడానికీ, షాపులు ఏళ్ళ తరబడి లీజుకివ్వడానికీ హైదరాబాదు నుంచి ప్రభుత్వం వారి అనుమతి రావాలి.

తీర్మానం అయిందని విన్న రోజు మాణిక్యం ఇంటికి వెళ్ళి దీపం పెట్టింది. అన్న ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు.

“కొత్త షాపులకి వేలం పెడతారంట,” అన్నాడు బంగారయ్య అరుగు మీద కూలబడి. “పై ఊళ్ళ షావుకార్లొచ్చి పాడేస్తారు. మనం రోడ్డు మీద పడతాం.”

షాపులవాళ్ళంతా ఒకటయ్యేరు. కోర్టుకి వెళ్ళి స్టే తెచ్చేరు. మేడ భేషుగ్గా ఉంది, మమ్మల్ని వెళ్ళగొట్టడానికే శిథిలమైందని కల్పించేరు అన్నది వాళ్ళ వాదన. దాంతో హైదరాబాదు వాళ్ళు దస్త్రం వెనక్కి పంపేరు. మేడ నిజంగా పడిపోయే స్థితిలో ఉందా, అద్దెకున్నవాళ్ళ గతేమిటి, రెండూ విచారించి చెప్పమన్నారు. విచారణకి రాజమండ్రి నుంచి నారాయణమూర్తి గారనే అధికారి వస్తారని కబురొచ్చింది.

ఆ కబురుతో మాణిక్యానికి రెండో భయం పట్టుకుంది. మొదటి భయం నెత్తి మీద ఉండేది. ఇది పక్కనే, ఇంట్లోనే ఉండేది.

ముందు కమిషనరు గారు పిలిచేరు. “అమ్మా, నీ భర్త ఈ మేడ కిందే పోయాడు. నువ్వు చెబితే దానికి విలువ ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు.”

“ఆయ్,” అంది మాణిక్యం.

ఆ సాయంత్రం అన్న పిలిచేడు. ఎదురుగా కూచోబెట్టి, గొంతు తగ్గించి చెప్పేడు. “ఆయనొచ్చి అడుగుతాడు. నీకేమీ తెలీదని చెప్పు. అంతే. నువ్వు పెళ్ళలు రాల్తన్నాయన్నావంటే నా నోట్లో మట్టి కొట్టినట్టే.”

“అబద్ధం చెప్పమంటావేంటి అన్నయ్యా?”

“అబద్ధమెందుకే? తెలీదంటే అబద్ధమేంటి? నీకు ఇంజనీరు చదువేమన్నా ఉందేంటి?”

పక్కన నూకాలమ్మ కూర కలుపుతోంది. తలెత్తలేదు. గరిటె మాత్రం ఆగింది. ఆ గరిటె ఆగడం మాణిక్యం చూసింది. ఈ ఇంటి వెనక గది పోతే పిల్లనేసుకుని ఎక్కడికి పోను అనుకుంది. “సరే అన్నయ్యా,” అంది.

విచారణ రోజు జనం మేడ మీదికి ఎగబడ్డారు. షాపులవాళ్ళు, కౌన్సిలర్లు, చూడ్డానికి వచ్చినవాళ్ళు. ఇంతమంది బరువు ఈ మేడ ఎన్నడూ మొయ్యలేదే అని మాణిక్యం తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడింది. షాపులవాళ్ళు తమ తరఫున ఒక ఇంజనీరుని కూడా తెచ్చుకున్నారు. నారాయణమూర్తి గారు అన్ని గదులూ తిరిగి, చివరికి తపాలా గదిలోకి వచ్చి, దూలం కింద నిలబడి ఆమెని పిలిచేరు.

“ఇలా రామ్మా. భయపడకు. ఈ స్టూలు నీదేనా?”

“ఆయ్ అండి.”

“ఇక్కడ పైనుంచి ఏమైనా రాలుతుంటాయా?”

గుమ్మం దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. కిటికీ పక్కన కమిషనరు గారు. సావిత్రి గారు కళ్ళతోనే చెప్పు చెప్పు అంటోంది. మాణిక్యం అన్న వైపు చూసింది.

“నాకు తెలీదండి,” అంది.

“ఇన్నాళ్ళుగా ఇక్కడే కూచుంటున్నావు కదమ్మా?”

“నాకేం తెలీదండి బాబూ.”

బంగారయ్య గట్టిగా ఊపిరి విడవడం ఆమెకి వినిపించింది. షాపులవాళ్ళ ఇంజనీరు ఇదే అదను అనుకున్నాడు. మూల ఉన్న బూజుకర్ర తీసుకుని, “ఆవిడ్ని అడగడమెందుకు సార్, దూలాన్నే అడుగుదాం. ఇది వంద గాలివానల్ని తట్టుకునే సరుకు,” అంటూ దూలాన్ని ఢాం ఢాం మని పొడిచేడు.

మాణిక్యం భుజం మీద చారెడు మట్టి పడింది.

ఆ తరవాత ఏం చేసిందో ఆమెకే తెలీదు. “పడిపోతందండి బాబోయ్! బయటికి రండి, బయటికి రండి!” అని ఒక్క కేక పెట్టింది. ఆ గొంతు ఆమెదేనా అనిపించిందట అందరికీ. కేక పెట్టి, గుమ్మంలో ఉన్న అన్న చెయ్యి పట్టుకుంది. అంత మనిషిని, ఆ చెక్క మెట్ల మీద నుంచి, గొర్రెని లాక్కుపోయినట్టు లాక్కుంటూ రోడ్డు మీద పడింది. ఆమె వెనక కౌన్సిలర్లు, వాళ్ళ వెనక షాపులవాళ్ళు, ఇంజనీరు, అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ దిగేసేరు. నారాయణమూర్తి గారి చెప్పొకటి మెట్ల మీద ఉండిపోయింది.

అందరూ రోడ్డు అవతల నిలబడి మేడకేసి చూసేరు. మేడ కదల్లేదు. ఒక్క ఇటుకా రాలలేదు. కాసేపటికి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పాకి బజారంతా నవ్వేసింది. నారాయణమూర్తి గారొక్కరే నవ్వలేదు. ఒంటికాలి చెప్పుతో నిలబడి మాణిక్యం ముఖంలోకి చూస్తూ ఉండిపోయేరు. ఆమె ఇంకా అన్న చెయ్యి వదల్లేదు.

బంగారయ్య ఆ చేతిని విదిలించుకున్నాడు.

“నోటితో తెలీదంటావు, నాటకమాడి చూపిస్తావు. ఎంత తెలివే నీకు!” అన్నాడు. అంతే, మరి ఆమెతో మాట్లాడలేదు.

నాటకం కాదని ఆమె ఎలా నిరూపిస్తుంది? ఎన్నాళ్ళో బిగబట్టుకున్న భయం ఒక్కసారి కట్ట తెంచుకుంది, అంతే. ఆ పూట నుంచి షాపులోకి వెళ్ళడం మానేసింది. అన్నం మేడ మీదే, తలుపు గడప మీద కూచుని తినేది. ఇంట్లో వెనక గది ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. అననందుకే ఎక్కువ భయం. రేపంటారేమో, ఎల్లుండంటారేమో అని సామానంతా రెండు సంచుల్లో సర్ది పెట్టుకుంది. నూకాలమ్మ మాత్రం గిన్నెలో కూర తెచ్చి గడప మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. శ్రీవాణి ఒక రోజు, “మావయ్య నన్ను కూడా చూడట్లేదమ్మా, నేనేం చేసేను?” అని అడిగింది. మాణిక్యం పిల్ల జడ విప్పి మళ్ళీ వేసింది.

ఒక వానాకాలం అలాగే గడిచింది. ఈదురుగాలి లేచినప్పుడల్లా ఆమె పైన స్టూలు మీద బిక్కుబిక్కుమంటూ కూచునేది. కింద అన్న ఉన్నాడన్న ధైర్యం కూడా ఇప్పుడు లేదు.

రెండో వానాకాలం దాటేక హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. పాత మేడ పడగొట్టి కొత్తది కట్టడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. లీజుల విషయంలో ఒక షరతు పెట్టింది: తగువు మానుకుని తమంతట తాము ఖాళీ చేసిన పాత లీజుదారులకి, కొత్త కట్టడంలో వేలం లేకుండా తలా ఒక గది మూడేళ్ళకి ఇవ్వాలి, కోర్టులోనే ఉంటామన్నవాళ్ళకి ఆ హక్కు ఉండదు. సావిత్రి గారు ఆ సంగతి మాణిక్యానికి ఒకటికి రెండుసార్లు విడమరిచి చెప్పింది. “నారాయణమూర్తి గారు నీ పరుగు గురించి కూడా రాశారే. ఉద్యోగులు ప్రాణభయంతో పని చేస్తున్నారు, నేను కళ్ళారా చూశాను అని.”

మందుల షాపాయన సంతకం పెట్టేడు. గడియారాలాయన పెట్టేడు. ఒక్కొక్కరే పెట్టేరు. బంగారయ్య పెట్టలేదు. గడువు దగ్గర పడుతోంది. మెట్లు దిగి వెళ్తూ మాణిక్యం మూల గదిలోకి తొంగి చూసేది. అన్న షాపులో ఒంటరిగా కూచుని ఉండేవాడు. చేతిలో అద్దం కోసే వజ్రపు కలం ఉండేది, కోసేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం అతనే మెట్ల దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, “మాణిక్యం,” అని పిలిచేడు. ఏడాదిన్నర తరవాత అన్న నోట తన పేరు వినేసరికి ఆమెకి ముందు సంతోషం కలగలేదు, భయమేసింది. గది ఖాళీ చెయ్యమనడానికే పిలిచేడనుకుంది.

షాపులోకి వెళ్తే స్టూలు చూపించేడు. తనూ కూచుని అన్నాడు.

“ఖాళీ చేసేసేక ఇస్తారంటావా?”

“ఉత్తర్వులో ఉందంట అన్నయ్యా.”

“ఉత్తర్వు ఉంటది. ఈ కమిషనరు గారు బదిలీ అయిపోతే, కౌన్సిలు మారిపోతే, ఎవడిస్తాడు? నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదే. నాన్న నాకు నేర్పింది ఇదొక్కటే. నాకు నిద్దర పట్టక ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా?”

మాణిక్యం బల్ల మీద కొయ్యకుండా పడున్న అద్దాలకేసి చూసింది. అన్నయ్యకి కూడా భయం వేస్తుందని ఆమెకి అంతవరకూ తట్టలేదు. తనని కసిరింది కోపం కాదు, ఇదే. దూలం కిర్రుమన్నప్పుడు తన కడుపులో జారేది, ఈయన కడుపులోనూ జారుతోంది ఇన్నాళ్ళూ.

“నువ్వు చెప్పు. సంతకం పెట్టనా?” అన్నాడు.

“నాకు తెలీదన్నయ్యా,” అంది. ఈసారి అది నిజమే. “నాకూ భయమే. అడిగొస్తాను ఉండు.”

అడిగొస్తానని అనేసింది గానీ, కమిషనరు గారి గది దాకా వెళ్ళేసరికి చెమటలు పట్టేసేయి. అప్పటిదాకా ఆ గదిలోకి నీళ్ళు పెట్టడానికో, దస్త్రం పెట్టడానికో తప్ప వెళ్ళింది లేదు. తలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి ఆయనే చూసి, “ఏమ్మా?” అన్నారు.

“మీరు బదిలీ అయిపోతారా అండి?”

ఆయన నవ్వేరు. “ఇవాళో రేపో అవుతానమ్మా. అందరం అవుతాం.”

“అప్పుడు మా అన్నయ్య ఎవర్ని అడగాలండి?”

ఆయన నవ్వు ఆగింది. చేతిలో కలం బల్ల మీద పెట్టేరు. “నిజమే,” అన్నారు. “నన్ను నమ్మి ఖాళీ చెయ్యమనడం న్యాయం కాదు.” ఆ నెల కౌన్సిలు సమావేశంలో, పాత లీజుదారుల పేర్లన్నీ తీర్మానంలోనే చేర్చి, గడువులోగా ఖాళీ చేస్తే కమిషనరు ఎవరైనా, కౌన్సిలు ఏదైనా వీళ్ళకి గది ఇవ్వాల్సిందే అని ఆమోదింపజేసేరు. బంగారయ్య పేరు చదవడం మాణిక్యం తలుపు చట్రంలో నిలబడి విన్నది. కిందికి దిగి చెప్పింది. అతను సంతకం పెట్టేడు. పెట్టేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు, సూది వేయించుకునేవాడిలా.

ఖాళీ చేసేటప్పుడు పటాలన్నీ ఇద్దరే మోసేరు. అద్దాలు పగలకుండా చీరల మధ్య పెట్టి, నూకాలమ్మ అందిస్తుంటే, రిక్షాలో కాలవ గట్టుకి చేర్చేరు. షాపులవాళ్ళకి అక్కడ రేకుల బడ్డీలు వేసిచ్చారు. ఆఫీసుని ఒక అద్దె గోడౌనులోకి మార్చేరు. దాని కప్పు కూడా రేకే. మొదటి రోజు మాణిక్యం పైకి చూసి, ఇది పడినా చావనులే అనుకుంది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ వేళ గది మధ్యలో కూచుంది.

మేడ పడగొట్టిన రోజు అన్నాచెల్లెళ్ళిద్దరూ రోడ్డు అవతల కల్వర్టు మీద నిలబడి చూసేరు. కూలీలు ముందు మిద్దె తవ్వేరు. తరవాత తపాలా గది దూలానికి మోకులు కట్టి దింపేరు. అది నేలకి తగిలి గంటలా మోగింది. అక్కడున్న వడ్రంగి దాన్ని ఒక దెబ్బ కొట్టి చూసి, “ఇనుమండి ఇది. ఇంకో వందేళ్ళు నిలిచేది,” అన్నాడు. పక్కవాళ్ళు మాణిక్యం వంక చూసి ముసిముసిగా నవ్వేరు. ఆమెకి భూమిలో కుంగిపోవాలనిపించింది. ఇన్నేళ్ళూ దీన్ని చూసా నేను చచ్చిపోయింది అనుకుంది. అన్న వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నానికి కింది గదుల వంతు వచ్చింది. బంగారయ్య షాపులో నీలం రంగు చెక్కలు ఊడబెరికేరు. వాటి వెనక ఉన్న దూలానికి ఒక కూలీ గడ్డపార ఆనించేడు. పొడవలేదు, ఆనించేడు. గడ్డపార చివరిదాకా లోపలికి దిగిపోయింది. దూలం పైపొర తప్ప లోపలంతా చెదపుట్ట. ఇంకో పోటుకి అది మధ్యకి విరిగి, పైనున్న ఇటుకలన్నిటితో సహా గదిలో పడింది. సరిగ్గా బంగారయ్య కుర్చీ వేసుకునే చోట. శ్రీవాణి చాప పరుచుకునే చోట.

బంగారయ్య కల్వర్టు మీద కూలబడిపోయేడు. మాణిక్యానికి మాత్రం ఒకటే ఆలోచన. భయం లేదని పిల్లని నిద్రపుచ్చిన చోటే అదంతా ఉంది. ఆమె వెనక్కి తిరిగి, కాలవలోకి వంగి, వాంతి చేసుకుంది.

“పద,” అన్నాడు బంగారయ్య చాలాసేపటికి, ఆమె వీపు నిమిరి. “ఇంటికి పోదాం పద.” క్షమించమనలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు. ఆ సాయంత్రం వెనక గది గడప మీద కూచుని శ్రీవాణి చేత ఎక్కాలు చెప్పించుకున్నాడు.

కొత్త కట్టడం అనుకున్నట్టు లేవలేదు. పునాదులు తీసేక పని ఆగిపోయింది. గోతుల్లో వాననీళ్ళు నిండి కప్పలు అరిచేవి. అనుకున్నట్టే ప్రభాకరరావు గారికి బదిలీ అయింది. వెళ్ళేముందు ఆయన బడ్డీల దగ్గరికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళేరు. కౌన్సిలు మారింది. కాలవ గట్టు మీద ఎవరూ ఫ్రేములు కట్టించుకోవడానికి రావట్లేదు. రేకుల వేడికి పటాల రంగులు వెలిసిపోయేయి. బంగారయ్య సాయంత్రం ఇంటికి రాగానే ముందు చెల్లెల్ని అడిగేవాడు, “ఏమన్నా కదిలిందా?” అని. ఆమె తల అడ్డంగా ఊపేది. అతని పేరు చదివిన తీర్మానం ఉందా, ఎవరైనా రద్దు చేసేరా అని సావిత్రి గారిని అస్తమానూ అడిగేది. ఆవిడ విసుక్కోకుండా, “ఉందే తల్లీ, ఉంది,” అనేది.

రెండు వేల ఆరులో, గోదావరి వరద తీసేసేక, కొత్త ఆఫీసు తెరిచేరు. కింద గదులకి కొందరు కొత్తవాళ్ళు అడ్డం పడ్డారు గానీ, పేరు పేరునా ఆమోదించిన తీర్మానాన్ని ఎవరూ దాటలేకపోయేరు. బంగారయ్యకి గది వచ్చింది. రోడ్డు వైపు కాదు, వెనక, సైకిలు స్టాండు పక్కన. మొదట మొహం చిన్నబుచ్చుకున్నాడు. తాళంచెవి చేతికిచ్చేసరికి మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు.

షాపు తెరిచిన రోజు మధ్యాహ్నం మాణిక్యం పైనుంచి దిగి వచ్చింది. అన్న నిచ్చెన వేసుకుని, వేలి కణుపుతో కప్పు అంతా కొట్టి చూస్తున్నాడు. చెల్లెల్ని చూసి సిగ్గుపడి దిగేడు.

“కాంక్రీటు కదా, చెదలు పట్టవంట,” అన్నాడు.

“పట్టవంట,” అంది ఆమె. తను కూడా పొద్దున్నే, ఎవరూ రాకముందు, పైన తన గదిలో అలాగే కొట్టి చూసిందని చెప్పలేదు.

ఇద్దరూ ఆకులు వేసుకుని అన్నం క్యారేజీ విప్పుకున్నారు. నూకాలమ్మ పనసపొట్టు కూర పెట్టింది. సగం తిన్నాక బంగారయ్య ముద్ద కలపడం ఆపేడు.

“లీజు మూడేళ్ళే కదే. ఆ తరవాత ఏం చేస్తారో?”

అద్దె పెంచుతారో, వేలం పెడతారో, అప్పటికి ఏ కమిషనరుంటాడో మాణిక్యానికి మాత్రం ఏం తెలుసు?

“ఏమో అన్నయ్యా,” అని, అతని ఆకులో ఇంకాస్త కూర వేసింది. “ముందే వెళ్ళి అడుగుదాం. ఈసారి ఇద్దరం వెళ్దాం.”